అడ్మిషన్ రిజిస్టరు చెప్పే లెక్క

జిల్లా పరిషత్ హైస్కూలు హెచ్‌ఎం గదిలో ఒక ఇనుప బీరువా ఉంటుంది. అందులో అన్నిటికంటే భద్రంగా దాచేది మార్కుల జాబితా కాదు, అడ్మిషన్ రిజిస్టరు. దళసరి అట్ట, అడ్డంగా పొడవాటి పేజీలు, ఎర్ర గీతల గళ్లు. వరుస సంఖ్య, పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, అంతకుముందు చదివిన బడి, చేరిన తరగతి, చివరి గడిలో టీసీ తీసుకున్న తేదీ. ఏటా జూన్‌లో వరుస సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలు కాదు, పోయినేడు ఆగిన చోటు నుంచి ముందుకు సాగుతుంది. ముప్పై నలభై ఏళ్ల తర్వాత పుట్టిన తేదీకి రుజువు కావాలన్నా, ఫలానా ఊళ్లో చదివానని స్టడీ సర్టిఫికెట్ కావాలన్నా మనిషి తిరిగొచ్చి నిలబడేది ఈ పుస్తకం ముందే. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున మాత్రం దీన్ని ఎవరూ తెరవరు. ఆ రోజంతా ఫ్లెక్సీలదీ శాతాలదీ రాజ్యం. సర్కారు బడి మీద మనం చెప్పే తీర్పులో తప్పు దొర్లేది సరిగ్గా అక్కడే. బయటికి పంపిన పిల్లల మార్కులు చూస్తాం గానీ, లోపలికి రానిచ్చిన పిల్లలెవరో, వాళ్లు ఎక్కడి నుంచి నడక మొదలుపెట్టారో చూడం. ఆ రెండో లెక్క లేని మొదటి లెక్క సగం లెక్కే.

ఈ మాట తేల్చుకోవడానికి మదనపల్లె కంటే తగిన ఊరు దొరకదు. రాయలసీమలో చదువుల ఊరని దీనికి పాత పేరు. అనీ బిసెంట్ పేరు మీద దివ్యజ్ఞాన కళాశాల ఇక్కడ 1915లో మొదలైంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కళాశాలలో అతిథిగా ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి రాసింది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఈ ఊళ్లోనే, 1895లో. ఆయన ఆలోచనల మీద నిలబడ్డ ఋషీవ్యాలీ బడి పక్కనే కురబలకోట మండలంలో ఉంది. వలసపల్లె దగ్గర జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. మదనపల్లె చదువు గురించి ఎవరు రాసినా కలం ఈ పేర్ల చుట్టూనే తిరుగుతుంది. తిరగడంలో తప్పు లేదు, అవి గొప్ప సంస్థలే. ఐతే వీటిలో నవోదయ ఆరో తరగతికి పరీక్ష పెట్టి ఏటా 80 మందిని ఏరుకుంటుంది. ఋషీవ్యాలీ దేశం నలుమూలల నుంచి వచ్చే దరఖాస్తుల్లోంచి పిల్లల్ని ఎంచుకుని, ఫీజు తీసుకుని హాస్టల్లో పెట్టి చదివిస్తుంది. చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం ఋషీవ్యాలీ నడిపిన చిన్న బడులు, అక్కడ తయారైన బోధనా కార్డుల పద్ధతి ఎన్నో రాష్ట్రాలకు పాకాయి. ఆ మేలు వేరే చెప్పుకోవాలి. అయినా ప్రధాన ద్వారం దగ్గర ఎంపిక ఎంపికే. పరీక్ష లేకుండా, ఫీజు లేకుండా, ఇంటర్వ్యూ లేకుండా, ఏడాది మధ్యలో వచ్చినా సరే, పిల్లవాణ్ని పేరడిగి కూర్చోబెట్టేది ఊరి అంచున ఉన్న జడ్పీ హైస్కూలు. ఊరి చరిత్రలో దానికి ఒక్క పేరా కూడా దక్కదు.

ఈ బడి పుట్టుక కూడా చరిత్రే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 నాటి స్థానిక సంస్థల చట్టంతో జిల్లా, తాలూకా బోర్డులు నిలదొక్కుకున్నాయి. రోడ్లు, సత్రాలు, ఆసుపత్రులతో పాటు బడుల పనీ వాటి మీద పడింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది, దానికొక జిల్లా బోర్డు వచ్చింది. అందుకే పాతతరం వాళ్ల నోట ఇప్పటికీ ఇది 'బోర్డు హైస్కూలు', చదివిన తరగతి 'థర్డ్ ఫారం', 'సిక్స్త్ ఫారం'. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చాక బోర్డుల ఆస్తులతో పాటు బడులూ పరిషత్తుల చేతికి వచ్చాయి, గేటు మీది బోర్డు మారింది. ఆటస్థలానికి, భవనాలకు ఎకరాల కొద్దీ నేల కావాలి కాబట్టి చాలాచోట్ల ఈ బడులు ఊరి నడుమ కాక ఊరి బయట కట్టారు. ఊరు పెరిగి వాటి దాకా వచ్చింది. ఇవాళ మదనపల్లె అంచుల్లో చూస్తే ఒకవైపు టమోటా మార్కెట్‌కు వెళ్లే లారీలు, ఇంకోవైపు నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గాలు, నడుమ కొత్త లేఅవుట్లు. శివారు అన్న మాటకు ఇక్కడ అర్థం ధనికుల విల్లాలు కాదు. కూలికి వచ్చినవాళ్లు, నేతగాళ్లు, బెంగళూరుకు పనికెళ్లి పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలినవాళ్లు కలిసి ఉండే చోటు. ఇక్కడొక తమాషా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. కానీ జిల్లా పరిషత్తులు మాత్రం పాత ఉమ్మడి జిల్లా లెక్కనే సాగాయి. కలెక్టరు మారినా బడికి యజమాని మారలేదు.

పిల్లవాడి రోజు ప్రార్థనతో మొదలవుతుంది. బెల్లు కొట్టగానే తరగతుల వారీగా వరసలు, ముందు పొట్టివాళ్లు, వెనక పొడుగువాళ్లు, చెయ్యి చాచి దూరం కొలుచుకోవడం. పాడేది 'మా తెలుగు తల్లికి'. రాసిన శంకరంబాడి సుందరాచారి తిరుపతివాడు. ఆ తర్వాత ప్రతిజ్ఞ. దాన్ని 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాశాడు. దేశమంతా తమ తమ భాషల్లో చదివే ఆ వాక్యాల కింద ఆయన పేరు చాలాకాలం పాఠ్యపుస్తకంలో కూడా లేదు. చివర జనగణమన. దాని ఇంగ్లీషు రూపానికి పుట్టిల్లు ఇదే ఊరని ఆ వరసల్లో ఎంతమందికి తెలుసో! ఇంటర్వెల్ అయ్యాక వంటగది వైపు నుంచి పోపు వాసన వస్తుంది. లాంగ్ బెల్లుకు పళ్లాలు కడుక్కునే కుళాయి దగ్గర తోపులాట, చెట్టు కింద గుండ్రంగా కూర్చోవడం, కోడిగుడ్డు రోజైతే గుడ్డును అన్నంలో దాచి ఆఖరి ముద్దకు ఉంచుకోవడం. వేరుశనగ పండే సీమలో చిక్కీ, సంగటి తినే సీమలో రాగిజావ ఈ పథకంలోకి వచ్చాయంటే ఎవరో నేల చూసి మెనూ రాశారనుకోవాలి. పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరుంది, మొన్న మరో పేరు, రేపు ఇంకో పేరు కావచ్చు. పిల్లలకు మాత్రం అది ఎప్పుడూ 'మధ్యాహ్నం అన్నం'. భోజనాలయ్యాక ఒకటి రెండు పీరియడ్లు నిద్రమత్తు, సాయంత్రం పీడీ సారు విజిల్, ఖోఖో, కబడ్డీ. పదో తరగతికి వస్తే ఆ విజిల్ వినిపించదు. వంద రోజుల ప్రణాళిక, స్లిప్ టెస్టులు, పొద్దున్నే స్పెషల్ క్లాసులు. మూడు తరాలుగా ఈ దినచర్య పెద్దగా మారలేదు. బెంచీలు వచ్చాయి, గోడలకు రంగులు వచ్చాయి, మరుగుదొడ్లలో నీళ్లు వచ్చాయి. నీళ్లు రావడం అన్నిటికంటే పెద్ద మార్పు. ఎదిగిన ఆడపిల్ల బడి మానడానికి మరుగుదొడ్డి లేకపోవడం ఒక కారణమని చాలా ఆలస్యంగా ఒప్పుకున్నాం.

ఇప్పుడు అసలు వాదానికి వద్దాం. ప్రైవేటు బడి ఫలితాలు మెరుగు, కాబట్టి అక్కడ చదువు మెరుగు అన్నది ఊరూరా వినే మాట. ఈ మాటను నిజంగా పరీక్షించి చూసింది మన రాష్ట్రంలోనే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 పల్లెల్లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఒక ప్రయోగం చేసింది. సర్కారు బడి పిల్లల తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకుని లాటరీ వేసి, గెలిచినవాళ్లకు ప్రైవేటు బడి ఫీజు కట్టింది. లాటరీ కాబట్టి గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఇంటి పరిస్థితుల్లో తేడా లేదు. నాలుగేళ్ల తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు రెండు గుంపుల్నీ పోల్చి చూశారు. తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవాళ్లు బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడుల్లో ఆ సబ్జెక్టే లేదు. అంటే ప్రైవేటు బడి ముందు కనిపించే మార్కుల్లో పెద్ద భాగం బడి ఇచ్చింది కాదు, పిల్లవాడు ఇంటి నుంచి మోసుకొచ్చింది. తల్లి చదువు, ఇంట్లో పుస్తకం, రాత్రి హోంవర్కు చేయించే మనిషి. ఈ అధ్యయనం ప్రాథమిక తరగతుల మీద జరిగింది, హైస్కూలుకు అచ్చంగా వర్తిస్తుందని అనలేం. కానీ హైస్కూలు నాటికి ఇళ్ల మధ్య తేడా తగ్గదు, పెరుగుతుంది. అప్పుడు బడిని బడితో పోల్చామనుకుంటూ ఇంటిని ఇంటితో పోల్చే ప్రమాదం ఇంకా ఎక్కువ.

అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని దాచి సర్కారు బడిని మెచ్చుకోవడం నిజాయితీ కాదు. ప్రైవేటు బడికి ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అక్కడి టీచరు జీతం ఇక్కడి జీతంతో పోలిస్తే నామమాత్రం. తెలుగుకూ లెక్కలకూ తక్కువ గంటలు కేటాయించి కూడా సమాన ఫలితం తెచ్చాయి. మరి జనం సొమ్ము అంత పోసి సమానంగా నిలవడం గెలుపా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి నా జవాబు రెండు ముక్కల్లో. ఆ చవకతనం చదువుకుని వేరే పని దొరకని యువతీయువకుల తక్కువ జీతాల మీద నిలబడింది, దాన్ని రాష్ట్రమంతా నమూనాగా తీసుకోలేం. రెండోది ముఖ్యమైనది. సర్కారు బడి ఖర్చులో ఒక భాగం చదువు చెప్పడానికి, ఇంకో భాగం ఎప్పుడూ తలుపు తెరిచి ఉంచడానికి. కరోనా ఏళ్లలో ఆ రెండో ఖర్చు విలువ తెలిసొచ్చింది. దేశంలోని పల్లెల్లో 6–14 ఏళ్ల పిల్లల్లో సర్కారు బడిలో ఉన్నవాళ్లు 2018లో 65.6 శాతం, 2022లో 72.9 శాతమని అసర్ సర్వే లెక్క. ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు వచ్చారు, మూతపడ్డ చిన్న ప్రైవేటు బడుల పిల్లలు వచ్చారు, ఏ హెచ్‌ఎమ్మూ సీట్లు లేవని అనలేదు. 2024 నాటికి ఆ శాతం మళ్లీ 66.8కి దిగింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే వెళ్లిపోయారు, చెయ్యి ఖాళీ కాగానే వస్తారు. టమోటా కిలో నూట యాభై పలికిన ఏడాదికీ, కోత కూలి కూడా రాక కాయ రోడ్డు పక్కన పారబోసిన ఏడాదికీ మధ్య ఊగే మదనపల్లె రైతుకు ఈ రాకపోకల సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

'అందర్నీ చేర్చుకుంటాం' అన్నది చదువు చెప్పకపోవడానికి సాకు అవుతుందనేది ఇంకో అభ్యంతరం. అన్నిట్లోకీ బరువైనది ఇదే. పిల్లలు పేదలు, తల్లిదండ్రులు చదువుకోలేదు, ఇంతకంటే ఏం చేస్తాం అని చేతులు దులుపుకునే మాట స్టాఫ్ రూముల్లో వినపడదని ఎవరూ ప్రమాణం చేయలేరు. పదో తరగతి ఫలితాలే దీనికి జవాబు. 2025లో రాష్ట్రం మొత్తం ఉత్తీర్ణత 81.14 శాతం. పార్వతీపురం మన్యం జిల్లా 93.90 శాతంతో మొదట నిలిచింది, అదీ వరసగా మూడో ఏడు. అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో అట్టడుగున ఉంది. రెండూ గిరిజన జిల్లాలే, రెండింట్లోనూ కార్పొరేట్ బడుల హడావుడి తక్కువే. పేదరికమే అంతా నిర్ణయించేట్టయితే ఈ రెండు అంకెలు పక్కపక్కన ఉండాలి. వాటి మధ్య 46 శాతం తేడా ఉంది. కాబట్టి నేను చెప్పే కొలత సోమరి టీచరుకు గొడుగు పట్టదు, సరిగ్గా వాణ్నే పట్టిస్తుంది. ఒకే రకం పిల్లల్ని చేర్చుకున్న రెండు బడుల్ని పక్కపక్కన పెట్టినప్పుడే పని చేసినవాడెవడో, చేయనివాడెవడో బయటపడుతుంది. ఎంపిక చేసుకున్న బడితో పోల్చినంత కాలం ఇద్దరూ ఒకే గాటన పడి, ఇద్దరూ తప్పించుకుంటారు.

ఇంగ్లండులో ఈ లెక్కను కొంతమేర అమల్లో పెట్టారు. అక్కడ చాలా ఏళ్లు బడుల్ని పరీక్ష మార్కుల వరసలో ర్యాంకులు వేశారు. 2016 నుంచి 'ప్రోగ్రెస్ 8' అనే కొలత తెచ్చి, పదకొండేళ్లప్పుడు ఒకే స్థాయిలో ఉన్న పిల్లలు పదహారేళ్లకు ఎక్కడ తేలారో చూసి బడికి స్కోరు ఇచ్చారు. ఇంటి పేదరికాన్ని అదీ పట్టించుకోలేదని విమర్శలు వచ్చాయి, ఆ విమర్శలు నిజమే. అంత దూరం పోనక్కర్లేదు, మన రాష్ట్రమే ఈ సూత్రాన్ని ఒకచోట ఒప్పుకుంది. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో ప్రవేశాలకు సర్కారు బడిలో చదివిన పిల్లలకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు, దాని పేరే 'డిప్రివేషన్ స్కోరు'. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ క్యాంపస్ గేటు దగ్గర మనం ఒప్పుకున్న న్యాయాన్ని పిల్లవాణ్ని అక్కడిదాకా పంపిన బడికి ఎందుకు వర్తించం?

రిజిస్టరులో 'మాతృభాష' గడి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినపడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టింది అందుకే. మదనపల్లె, పుంగనూరుల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు గణనీయంగా ఉంటారు. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట, పుస్తకంలో ఇంకో మాట ఉన్న పిల్లవాడు ఆరో తరగతిలో కూర్చుని ఇంగ్లీషు మీడియం సైన్సు వింటాడు. ఇంగ్లీషు మీడియం 2019లో పుట్టిన వివాదమని చాలామంది అనుకుంటారు. కానీ 2008లోనే 'సక్సెస్ స్కూళ్ల' పేరుతో వేల సర్కారు హైస్కూళ్లలో సమాంతర ఇంగ్లీషు సెక్షన్లు మొదలయ్యాయి. తల్లిదండ్రులు అడిగేది ఇంగ్లీషే, ఆ కోరికను వెక్కిరించే హక్కు తన పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో చదివించుకున్న ఏ మేధావికీ లేదు. నేననేది ఇంతే: నాలుగు భాషల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి పదికి చేర్చిన బడి పనిని, ఒకే రకం ఇళ్ల పిల్లల్ని వడబోసి తీసుకున్న బడి పనితో ఒకే తక్కెడలో తూస్తే తూకం తప్పుతుంది.

ఇక ఆడపిల్లల లెక్క. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కానీ దాని రక్ష ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిది, పది తరగతులకు హక్కు లేదు, దూరమే చట్టం. ప్రతి ఆవాసానికి ఐదు కిలోమీటర్లలోపు హైస్కూలు ఉండాలని 2009 నాటి మాధ్యమిక శిక్షా అభియాన్ లక్ష్యం పెట్టుకుంది. ఐదు కిలోమీటర్లు మగపిల్లవాడికి సరదా, పదిహేనేళ్ల ఆడపిల్లకు ఇంట్లో రోజూ తేల్చాల్సిన పంచాయితీ. బీహార్‌లో 2006 నుంచి హైస్కూలుకు వచ్చే ఆడపిల్లలకు సైకిళ్లు ఇస్తే, తగిన వయసులో హైస్కూల్లో చేరిన ఆడపిల్లలు 32 శాతం పెరిగారని మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్క తేల్చారు. దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆ పెరుగుదల ఎక్కువ. మన దగ్గర 'బడికొస్తా' పేరుతో సైకిళ్లు ఇచ్చారు. నవోదయలో 80 సీట్లు నిండుతాయి, మంచి ప్రైవేటు బడి బస్సు పంపుతుంది. ఈ రెండింటికీ అందని అమ్మాయికి పది చదవడమా, ఎనిమిదితో ఆగి పెళ్లికి సిద్ధం కావడమా అన్నది, నడిచి వెళ్లగలిగినంత దూరంలో జడ్పీ హైస్కూలు ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. పిల్లలు తగ్గారని బడుల్ని కలిపేసే ఉత్తర్వు ఏ ప్రభుత్వం ఇచ్చినా, ముందు చూడాల్సింది ఆ అమ్మాయి నడక ఎంత పెరుగుతుందన్నదే.

సర్కారు టీచర్లే తమ పిల్లల్ని ప్రైవేటులో చదివిస్తారు కదా అన్న దెప్పిపొడుపు ఒకటి మిగిలింది. నిజమే, చాలామంది చదివిస్తారు. అది టీచర్ల మీద తీర్పు కావచ్చు, బడి మీద తీర్పు కాదు. ఆసుపత్రి డాక్టరు తన జ్వరానికి ఎక్కడికి వెళ్లాడన్నది ఆ ఆసుపత్రి ఎంతమంది ప్రాణాలు కాపాడిందన్న లెక్కను మార్చదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు సర్కారు బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది, 2025 జులైలో మరోసారి జరిగింది. ముగ్గులు, తాడాట, తల్లుల పాదపూజలు, నాయకుల ఫొటోలు అన్నీ ఉంటాయి. మీ పిల్లలు జడ్పీ హైస్కూల్లో చదువుతుంటే ఈసారి పిలుపు వచ్చినప్పుడు వెళ్లండి. పదో తరగతి శాతం ఎంత అని అడగొద్దు, అది ఎటూ గేటు మీద రాసి ఉంటుంది. అడ్మిషన్ రిజిస్టరు తెప్పించమనండి. ఐదేళ్ల కిందట ఆరో తరగతిలో చేరిన పేర్లెన్నో, వాటిలో ఈ మార్చిలో పది పరీక్ష రాసిన పేర్లెన్నో లెక్కపెట్టమనండి. మధ్యలో జారిపోయిన పేర్ల ఎదురుగా టీసీ గడి చూసి, ఒక్కొక్కరూ ఎక్కడికి వెళ్లారో హెచ్‌ఎం గారిని అడగండి.